క్రాస్‌కు ముందే పోయిన సాక్షి

సాక్షి బోనెక్కి చీఫ్ (తనను పిలిచిన పక్షం తరఫు సాక్ష్యం) చెప్పి, క్రాస్ (అవతలి పక్షం ప్రశ్నించడం) వాయిదా వచ్చేలోగా కన్నుమూస్తే ఆ చెప్పిన మాట ఏమవ్వాలి? 1872 సాక్ష్య చట్టంలో దీనికి సూటి జవాబు ఉండేది కాదు. చనిపోయినవాడి పాత వాంగ్మూలాన్ని తర్వాతి కేసులోనో అదే కేసు తర్వాతి దశలోనో వాడుకోవచ్చని దాని 33వ సెక్షన్ అనేది కానీ, అవతలి పక్షానికి క్రాస్ చేసే హక్కూ అవకాశమూ ఉండి తీరాలన్నది దాని షరతు. క్రాస్ కాకముందే సాక్షి పోతే ఏం చేయాలో తేల్చే పని హైకోర్టుల మీద పడింది. కొల్హాపూర్ మహారాజా కేసులో మద్రాసు హైకోర్టు 1920లలోనే దారి వేసింది: సాక్ష్యం చెల్లుతుంది, దాని బరువెంతో పరిస్థితులు తేలుస్తాయి. పాట్నా, అలహాబాదు హైకోర్టులూ అదే బాటన నడిచాయి. అప్పటికి నిజాం ఏలుబడిలో, ఉర్దూ కోర్టుల కింద ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు ఈ తీర్పులతో పనిలేదు. భారత సాక్ష్య చట్టం అక్కడికి 1951 ఏప్రిల్ 1న వచ్చింది. ఈ శతాబ్దం మొదట్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా మద్రాసు మాటే చెప్పింది.

అయితే కాగితం మీది అవకాశం వేరు, చేతికందే అవకాశం వేరు. తెలంగాణ సాయుధ పోరాట కాలపు నల్లగొండ జిల్లా హత్య కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునల్ 1949 ఆగస్టులో ఉరిశిక్షలు వేసింది. వకీలును పెట్టుకునే వీలే తమకు దొరకలేదని ముద్దాయిలు సుప్రీంకోర్టుకు మొరపెట్టుకున్నారు. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని 1951 మార్చిలో కోర్టు పిటిషన్లు కొట్టేసింది. సాక్షులు బతికే ఉన్నా, అడగడం తెలిసినవాడు పక్కన లేకపోతే క్రాస్ హక్కుకు మిగిలేదేమిటి?

నా అభ్యంతరం మద్రాసు సూత్రం మీద కాదు, దాని కింది నేల కదిలిపోవడం మీద. ఆ రోజుల్లో చీఫ్ అంటే జడ్జి ఎదుట నోటితో చెప్పేది. తడబాటు, మౌనం, అన్నీ ఆయన కంటబడేవి. 2002 జులై 1 నుంచి సివిల్ దావాల్లో చీఫ్ అఫిడవిట్ రూపంలో వస్తోంది. భూమి తగాదాలో వేలిముద్ర రైతు పేరిట ఇంగ్లీషులో పేరాలు. చివర, చదివి వినిపించగా విని ఒప్పుకున్నానన్న ముక్క. ఆ రైతు క్రాస్‌కు ముందే పోతే ఫైలులో మిగిలేది వకీలు కూర్పే. దానికి పాత బరువు ఇవ్వడం పొరపాటు. మరణ వాంగ్మూలానికి క్రాస్ లేకున్నా నమ్ముతున్నాం కదా అంటారు. నిజమే, నమ్మదగినదైతే దానొక్కదాని మీదే శిక్ష వేయవచ్చని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. కానీ మేజిస్ట్రేట్ మంచం పక్కన కూర్చుని రాసుకునేది చనిపోతున్న మనిషి సొంత మాటలు. సాక్షి చావు తన చేతిలో లేని కక్షిదారు ఎందుకు నష్టపోవాలన్న ప్రశ్న ఇంతకన్నా గట్టిది. అందుకే అఫిడవిట్‌ను పారేయమనడం లేదు; పహాణీయో మరో సాక్షో దన్నుగా లేనిదే దాని మీద డిక్రీ ఇవ్వొద్దంటున్నాను. ముసలి సాక్షిని ముందుగానే విచారించమని అడిగే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. వాడుకోని పక్షం మీద సానుభూతి కూడా తగ్గాలి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 27వ సెక్షన్ పాత 33వ సెక్షన్ షరతులనే ఉంచింది. పాతదానిలాగే చనిపోయినవాడి సరసనే ఆచూకీ దొరకని సాక్షినీ కూర్చోబెట్టింది. పుణెకో ముంబైకో వలసపోయిన పాలమూరు కూలీని ఆ లెక్కలో వేసే ముందు, అతని మేస్త్రీకి ఒక్క ఫోనైనా చేశారా అని జడ్జి అడగాలి.