మతాల ఉమ్మడి మాట: కోస్గి ప్రాంత చరిత్ర చెప్పే పాఠం

సర్వమతాలూ ఒక్కటే అనే మాట సభల్లో తరచు వినిపిస్తుంది. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని దైవభావనలోను, ఆరాధనా విధానంలోను, పరలోక విశ్వాసంలోను మతాల మధ్య భేదాలున్నాయని సామాన్యుడికి కూడా తెలుసు. ఆ భేదాలను దాచిపెట్టి సాధించే ఐక్యత ఎక్కువకాలం నిలవదు. మరి మతాలకు నిజంగా ఉమ్మడిగా ఉన్నదేమిటి? అది ఎప్పుడు బయటపడుతుంది? గ్రంథాలతోపాటు ఒక ప్రాంతపు గతాన్ని కూడా పరిశీలిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది.

నేడు నారాయణపేట జిల్లాలో ఉన్న కోస్గి, నిజాం కాలంలో సాలార్‌జంగ్ వంశీకుల జాగీరులోనిది. పట్టు, నూలు చీరల నేతకు పేరుపొందిన ఊరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు ఈ కొడంగల్ ప్రాంతం గుల్బర్గా జిల్లా పరిధిలో ఉండేది. 1422లో గతించిన హజ్రత్ ఖ్వాజా బందేనవాజ్ గేసూదరాజ్ దర్గా ఆ గుల్బర్గాలోనే ఉంది. అక్కడికి ముస్లిములతోపాటు హిందువులు కూడా తరతరాలుగా వస్తున్నారు. ఒకే బాటన నడిచినంత మాత్రాన వారి విశ్వాసాలు ఒకటైపోలేదు. అయినా ఇరుగుపొరుగు బంధం నిలిచింది.

దివ్య ఖుర్ఆన్ పూర్వగ్రంథ ప్రజలను ఉభయులకూ సమానమైన ఒక మాట వైపుకు పిలిచింది. ఏకదైవారాధనే ఆ మాట. అంగీకరించని వారి ముందు కూడా తన విశ్వాసాన్ని స్పష్టంగా చెప్పమనే ఆ వాక్యం విశ్వాసులకు బోధిస్తుంది. పిలుపూ ఉంది, స్పష్టతా ఉంది. ఉపవాసం పూర్వులకు కూడా విధించబడినదేనని ఖుర్ఆన్ తెలుపుతుంది. యూదుల ప్రాయశ్చిత్త దినం, క్రైస్తవుల నలభై రోజుల వ్రతం, హిందువుల ఏకాదశి, జైనుల పర్యూషణం ఇందుకు సాక్ష్యాలు. దానం సంగతీ అంతే. యూదులకు దశమభాగం, సిక్కులకు దస్వంద్, బౌద్ధులకు దానపారమిత ఉండగా, ముస్లిములు సంపదలో నలభయ్యోవంతు జకాత్‌గా చెల్లిస్తారు. లెక్కలు వేరు, ఉద్దేశాలలోనూ తేడాలుండవచ్చు. కాని తన కడుపు ఒక్కటే చూసుకొమ్మని ఏ మతమూ చెప్పలేదు.

ఇతర మతాన్ని ఆ మతస్థుల మాటల్లోనే తెలుసుకోవాలని తలచిన వారిలో అల్‌బీరూనీ అగ్రగణ్యుడు. ఆయన సంస్కృతం నేర్చుకొని, 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి మహాగ్రంథం రచించాడు. హిందువుల విశ్వాసాలను ఖండించే పని పెట్టుకోక, ఉన్నవి ఉన్నట్లు వివరించాడు. తెలుగునాట ఇటువంటి నిజాయితీతోనే డాక్టర్ చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను ఆంధ్రీకరించారు. ‘ఆంధ్ర భాషాచరిత్రము’ రచించిన ఈ హిందూ పండితుని అనువాదం 1925లో వెలువడింది. ఖుర్ఆన్‌కు అదే తొలి తెలుగు అనువాదం. హైదరాబాదులో కొలువు చేసిన ఆంగ్లేయ ముస్లిం పిక్తాల్ ఆంగ్లానువాదం 1930లో వచ్చింది. పొరుగువాని గ్రంథాన్ని తన భాషలోకి తెచ్చిన పండితుడు తన మతాన్ని వదులుకోలేదు.

అయితే పుస్తకాల్లోని సామ్యం అసలు పరీక్షకు నిలిచేది కష్టకాలంలోనే. హైదరాబాదు సంస్థానంలో రజాకార్ల దౌర్జన్యాలకు అనేక గ్రామాల హిందువులు గురయ్యారు. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగింది. ఆ సమయంలోను, ఆ తరువాతను ముస్లిములపై ఘోరమైన హింస సాగింది. ప్రధాని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది నవంబరు, డిసెంబరు మాసాల్లో సంస్థానంలో పర్యటించింది. అందులో ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా సభ్యులు. మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని ఆ బృందం అంచనా వేసింది. అత్యధికంగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో గుల్బర్గా ఒకటి. చిరకాలం మరుగున ఉన్న ఈ నివేదిక 2013లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది.

ఆ నివేదికలో గమనించదగిన మరో విషయం ఉంది. ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువులు పలుచోట్ల ఉన్నారు. ఒకే వృత్తివారి మధ్య ఈ బంధం మరింత గట్టిగా కనిపించింది. కొన్నిచోట్ల హిందూ నేతవారు ముస్లిం నేతవారికి అడ్డుగా నిలిచి, ఆ ప్రయత్నంలో తమవారినే కోల్పోయారు. మగ్గం మీద బ్రతికే కోస్గి వంటి ఊళ్ల చరిత్ర చదివేవారు ఈ మాటను తేలికగా దాటిపోలేరు.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవజాతిని కాపాడినట్లేనని ఖుర్ఆన్ బోధిస్తుంది. దీనిని ఇస్రాయేలు సంతతికి విధించిన శాసనంగా పేర్కొంటుంది. యూదుల మిష్నాలోనూ ఇదే భావం ఉంది. ఈ రెండు గ్రంథాల పేర్లయినా ఆ నేతవారిలో ఎందరికి తెలిసి ఉంటాయి? అయినా వాటి శాసనాన్ని వారు పాటించారు. రజాకార్ల చేతిలో నష్టపోయిన హిందువూ, ఆ తరువాత నష్టపోయిన ముస్లిమూ కోరుకున్నది తన గడపకు అడ్డుగా నిలిచే పొరుగువానినే. మతాల ఉమ్మడి మాట ఏమిటని అడిగేవారికి చరిత్ర చూపగల సాక్ష్యం అటువంటి పొరుగువాడే. అతడు తన మతాన్ని విడిచిపెట్టలేదు, పొరుగువానినీ విడిచిపెట్టలేదు.