పుస్తక విలువ: సికిందరాబాదు వాహన ఇంజనీరింగ్ సంస్థ వివాదంలో లెక్కల విశ్వసనీయత

2006 ఏప్రిల్ 28న సికిందరాబాదు ఒకటో అదనపు జిల్లా కోర్టులో ఓ.ఎస్. 80 నంబరు దావా దాఖలైంది. వాది అమెరికాలోని మిషిగన్‌కు చెందిన వెంచర్ గ్లోబల్ ఇంజనీరింగ్, ప్రతివాది సత్యం కంప్యూటర్ సర్వీసెస్. ఆ నెల 3న లండన్ ఆర్బిట్రేషన్‌లో వెలువడిన అవార్డును కొట్టివేయమన్నది అభ్యర్థన. విదేశీ అవార్డులపై మన కోర్టుల అధికార పరిధిని చర్చించిన కేసుగానే న్యాయశాస్త్రం దీన్ని గుర్తుంచుకుంది. నాకు మాత్రం ఇందులో అంతకన్నా బరువైన ప్రశ్న కనిపిస్తుంది. ఖాతా పుస్తకాలను బట్టి ధర కట్టాలన్నప్పుడు ఆ పుస్తకాల మీదే అనుమానం పడితే ఎలా?

వాహన తయారీదారులకు ఇంజనీరింగ్ డిజైన్ సేవలు అందించేందుకు ఈ రెండు సంస్థలూ 1999 అక్టోబరు 20న ఒప్పందం చేసుకుని, చెరి సగం వాటాతో సత్యం వెంచర్ ఇంజనీరింగ్ సర్వీసెస్‌ను స్థాపించాయి. 2003లో వెంచర్ అనుబంధ సంస్థలు దివాలా తీశాయి. ఒప్పందం ప్రకారం అది షరతుల ఉల్లంఘనేననీ, భాగస్వామి వాటాను పుస్తక విలువకే కొనే హక్కు తనకుందనీ సత్యం వాదించింది. ఆర్బిట్రేటర్ దాన్ని ఒప్పుకున్నారు.

యంత్రాలు, భూమి ఉన్న ఫ్యాక్టరీ అయితే కొనేవాడు కళ్లతో చూసి ఎంతో కొంత అంచనాకు రాగలడు. డిజైన్ సంస్థ సంగతి అలా కాదు. దాని ఆస్తి నిపుణుల నైపుణ్యం, రావలసిన బాకీలు, బ్యాంకు నిల్వలు. బయటివాడు పూర్తిగా కాగితాన్నే నమ్మాలి.

ఆ కాగితం ఎంత బలహీనమైనదో 2009 జనవరి 7న లోకానికి తెలిసింది. సత్యం ఛైర్మన్ బి. రామలింగరాజు తన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని రాశారు. సెప్టెంబరు త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే. బ్యాంకు నిల్వలను నిర్ధారించుకునే పనిలో ఆడిటర్లు విఫలమయ్యారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో తేల్చింది.

ఇక్కడ ఖర్చు పాత్రను కాస్త ఆగి చూడాలి. లేని సొమ్మును పద్దుల్లో ఏళ్ల తరబడి దాచవచ్చు, ఖర్చు పెట్టడం మాత్రం కుదరదు. 2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని సత్యం బోర్డు నిర్ణయించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో భూములు, నిర్మాణ సంస్థలు ఎందుకని మదుపుదారులు నిలదీశారు. న్యూయార్క్‌లో షేరు ధర సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు చేర్చేందుకు అదే ఆఖరి ప్రయత్నమని ఆ లేఖే చెబుతోంది. వాటాదారులు నిధుల మళ్లింపును శంకించారు. అసలు మళ్లించడానికే నిధులు లేవు. వాళ్ల అనుమానం దారి తప్పినా తట్టిన తలుపు సరైనదే. అందుకే చిన్న మదుపుదారు ఖర్చు గురించి అడిగే ప్రశ్నను తెలియనితనంగా కొట్టిపారేసే ధోరణితో నేను ఏకీభవించలేను.

లేఖ బయటపడ్డాక వెంచర్ దాన్ని తన వ్యాజ్యంలోకి తెచ్చింది. హైకోర్టు కుదరదంది. 2010లో సుప్రీంకోర్టు అనుమతించింది. అవార్డుకు ముందే ఉండి, మరుగున పడిన వాస్తవాలు తర్వాత వెలుగుచూస్తే వాటిని పరిశీలించాల్సిందేనన్నది దాని సారాంశం. సత్యం లెక్కలు కల్పితమైనంత మాత్రాన ఉమ్మడి సంస్థ లెక్కలూ కల్పితమని చెప్పలేం. అయినా, భాగస్వామి వాటాను పుస్తక విలువకు అడుగుతున్న సంస్థ తన సొంత పుస్తకాలు ఎలా రాసిందో న్యాయస్థానం ముందుకు రావడం అవసరమే.

2012లో సివిల్ కోర్టు అవార్డును రద్దు చేసింది, మరుసటి ఏడాది హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఈ వివాదంపై భిన్నాభిప్రాయాలు వెలువరించింది. అప్పటికి ప్రతివాది పేరు టెక్ మహీంద్రా. 2013 విలీనంతో సత్యం అన్న పేరు వ్యాజ్యం శీర్షిక నుంచి కూడా తొలగిపోయింది.