ఇంద్రాయణీ తీరమున ఆళంది

పూనా నగరమునకు సమీపమున, ఇంద్రాయణీనదీ తీరమున ఆళంది యను క్షేత్రము కలదు. 1296వ సంవత్సరమున సమాధి నొందిన జ్ఞానేశ్వరుని యాలయ మచ్చటిదే. ఏటేట నాతని పాదుకలు పల్లకిలో బయలుదేరి ఆషాఢ శుద్ధైకాదశికి పండరిపురము చేరును. లక్షలకొలది జనులు వెంట నడతురు.

ఈ వైభవమును జూచువారు పూర్వకథను మరువరాదు. జ్ఞానేశ్వరుని తండ్రి విఠ్ఠలపంతు సన్న్యసించి, గురువాజ్ఞచే మరల గృహస్థుడయ్యెను. అది మహాపాతకమని బ్రాహ్మణు లాతనిని వెలివేసిరి. పిమ్మట జన్మించిన మగబిడ్డలకు ఉపనయనార్హత లేదనిరి. తల్లిదండ్రులు ప్రాయశ్చిత్తముగా జలమున బడి ప్రాణములు విడిచిరని సంప్రదాయము చెప్పుచున్నది.

ఇట్లు వెలివడిన కుటుంబమున బుట్టిన జ్ఞానేశ్వరుడే 1290లో, ప్రవరానదీ తీరమందలి నేవాసలో, గీతార్థమును మరాఠీభాషలో సుమారు తొమ్మిదివేల పద్యములుగా వివరించెను. అప్పటికి పదునైదేండ్లవాడని ప్రతీతి. సంస్కృత మెరుగని స్త్రీలకును, శూద్రులకును గీత యందుబాటులోనికి వచ్చెను. వేదాధ్యయనమునకు దూరము చేయబడిన బాలుడే విద్యాద్వారమును సర్వజనులకు దెరచెను.

పాదుకలను మోయుట పుణ్యమే. ఆ పాదములు నడచిన త్రోవ నడచుట అంతకంటె పుణ్యము. తల్లిదండ్రుల దోషమని యెంచి మన వీధిలో నెవరి బిడ్డనైన పంక్తికి దూరముగా నుంచుచున్నామా? ఆళందికి బోవు యాత్రికుడు బయలుదేరుటకు ముందే తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన దిదియే.