కారము లేని మిరపకాయ

మిరపకాయ మన కూరలలో ఎంతగా కలిసిపోయినను, దాని పుట్టినిల్లు మెక్సికో దేశము. 1492లో కొలంబసు సముద్రము దాటిన పిదప, పోర్చుగీసువారి ఓడలపై అది మన తీరము చేరినది. అంతవరకు మన పెద్దలకు కారమనగా మిరియమే.

ఆ మెక్సికోలో కారము మిక్కిలి తక్కువైన పచ్చిమిరప యొకటి కలదు. స్పెయినువారు 1531లో కట్టిన ప్వేబ్లా నగరమును బట్టి దానికి పొబ్లానో అని పేరు. అరచేయంత కాయ, నిగనిగలాడు ముదురాకుపచ్చ. నిప్పులపై కాల్చి, పైపొర యొలిచి, గింజలు తీసి, లోపల కూరి వండుదురు. పండి యెండినచో దానినే ఆంచో అందురు.

1821లో మెక్సికో స్వతంత్రమైనప్పుడు సేనాని ఇతుర్బిదే ప్వేబ్లాకు రాగా, అచటి సన్యాసినులు ఈ కాయలో మాంసమును పండ్లను కూరి, పైన తెల్లని అక్రోటు ముద్దయు ఎఱ్ఱని దానిమ్మగింజలును వేసి, జెండా రంగులు మూడింటిని పళ్లెములో చూపిరని కథ. నేను దీనిని పూర్తిగా నమ్మజాలను. అక్రోటు, దానిమ్మ అచట చేతికి వచ్చునది మన శ్రావణ భాద్రపదముల కాలముననే. ఆ వంటను నిర్ణయించినది సేనాని రాక కాదు, ఋతువు. నాకు అంతకంటె వింతగా తోచునది వేఱొకటి. ఆ రెండు చెట్లును స్పెయినువారు తెచ్చి నాటినవే. వారి పాలనను వదల్చుకొన్న పండుగ పళ్లెములోని మూడు రంగులలో, పచ్చని మిరపకాయ యొక్కటే ఆ నేలలో పుట్టినది.