చిత్రశాలకు దాతల చేయూత - రాజమహేంద్రవరం అనుభవం

నెల్లూరు తీరప్రాంతానికి దాతృత్వం కొత్త కాదు. నెల్లూరులోని పురమందిరం రేబాల లక్ష్మీనరసారెడ్డి పేరుతోనే నిలిచి ఉంది. వి.ఆర్. కళాశాల వెంకటగిరి రాజాల పేరును తరతరాల విద్యార్థులకు పరిచయం చేసింది. సభలకు, చదువుకు లభించిన ఈ ఆదరణ చిత్రకళకు ఏ రూపంలో అందగలదో తెలిపే చక్కని ఉదాహరణ గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో కలదు. జిల్లా పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలు ఇవి.

రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. కళాభిరుచి గల విద్యార్థులను ఆయన చేరదీసి ప్రోత్సహించేవారు. అడివి బాపిరాజు వారిలో ఒకరు. 1897లో జన్మించిన దామెర్ల రామారావు మరొకరు. రామారావు ప్రతిభను గుర్తించిన కూల్డ్రే 1916లో ఆయనను బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపి, స్వంత ధనంతో ఆదుకొన్నారు.

ఆ సాయం వృథా కాలేదు. 1922లో కలకత్తా ప్రదర్శనలో, ఋష్యశృంగుని కథ ఆధారంగా రామారావు వేసిన చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది. 1924లో వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు కూడా ఆయన చిత్రాలు వెళ్లాయి. ఇంతటి పేరు వచ్చినా ఆయన బొంబాయిలో స్థిరపడక, స్వస్థలంలో యువకులకు చిత్రలేఖనం నేర్పే పాఠశాలను నెలకొల్పారు. 1925 ఫిబ్రవరిలో, 28 ఏళ్లు నిండకుండానే, మశూచి వ్యాధితో కన్నుమూశారు.

సాధారణంగా ఇటువంటి సంస్థలు స్థాపకునితోనే ముగిసిపోతాయి. ఇక్కడ అలా జరగలేదు. మిత్రుడు, సహ చిత్రకారుడు వరదా వెంకటరత్నం పాఠశాల బాధ్యతను స్వీకరించారు. రామారావు చిత్రాలకు ఒక చిత్రశాలను కల్పించారు. రామారావు భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. చిత్రాలు విడివిడిగా అమ్ముడుపోయి ఉంటే రామారావు గురించి చదువుకోవడమే తప్ప ఆయన కృతులను ఒకచోట చూసే అవకాశం ఉండేది కాదు. తదుపరి ప్రభుత్వం స్వీకరించిన ఆ సంస్థ ఆయన స్మారక చిత్రశాలగా కొనసాగింది.

ఈ కథలో దాత ఇచ్చిన ధనం ఎంత ముఖ్యమో, ఆ తరువాత వచ్చిన సంరక్షకుల శ్రమ అంతకంటె ముఖ్యం. ప్రదర్శన కొద్ది రోజులలో ముగుస్తుంది, చిత్రాల పోషణ మాత్రం ఏడాది పొడవునా సాగవలసినదే. సముద్రతీరపు తేమ గాలికి కాగితంపై బూజు పడుతుంది, పటాల మేకులు తుప్పు పడతాయి. నీటిరంగుల చిత్రాలపై వెలుతురు సుమారు 50 లక్సులకు మించరాదన్నది మ్యూజియంలు పాటించే ప్రమాణం. దాతలు ఈ ఖర్చులకు ముందుకు రావడం అరుదు. శిలాఫలకంపై పేరు కనిపించే పనులకే విరాళాలు త్వరగా అందుతుంటాయి.

కృష్ణపట్నం ఓడరేవు, విద్యుత్ కేంద్రాలు గల ఈ జిల్లాలో కంపెనీల సామాజిక బాధ్యత నిధులు మరొక మార్గం. కంపెనీల చట్టం, 2013 పరిధిలోకి వచ్చే సంస్థలు గత 3 ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో 2 శాతం ఇందుకు వెచ్చించాలి. చట్టంలోని 7వ షెడ్యూలులో కళలు, సంస్కృతి పరిరక్షణ, ప్రజా గ్రంథాలయాల స్థాపన, సంప్రదాయ కళల అభివృద్ధి చేరి ఉన్నాయి. అయితే తమ వస్తువుల ప్రచారం నిమిత్తం చేసే స్పాన్సర్‌షిప్ ఈ లెక్కలోనికి రాదు. ప్రదర్శన ద్వారం వద్ద కంపెనీ బ్యానరు కట్టించేందుకు ఇచ్చిన సొమ్మును, యువతకు ఏడాది పాటు చిత్రలేఖన శిక్షణ ఇప్పించే విరాళాన్ని ఒకే పద్దులో చూపరాదు. ప్రతిపాదనలు స్వీకరించే అధికారులు, వాటిపై వార్తలు రాసే పాత్రికేయులు ఈ తేడాను గమనించవలసి ఉన్నది.