చివరి ఆయకట్టుకు నీరందని జబ్బు

విశాఖలో కేజీహెచ్ డౌన్ రోడ్డున మందుల షాపు ముందు కాసేపు నిలబడితే మెథోట్రెక్సేట్ అన్న మాట చెవిన పడుతుంది. ఎక్కువమంది కీళ్ళవాతానికి కొనుక్కెళ్తారు. ఏ ఒకరిద్దరో డెర్మటోమయోసైటిస్‌కి. ఈ జబ్బు వచ్చినవాళ్ళకి జడ వేసుకుందామంటే చెయ్యి పైకి లేవదు. కింద కూర్చుంటే పైకి లేవలేరు. ఏటా ఎక్కే సింహాచలం మెట్లు పది ఎక్కేసరికి తొడల్లో సత్తువ అయిపోతుంది. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ళ కణుపుల మీద ఎర్రటి పొక్కులు వస్తే, ఎండ తగిలిందనో ఏదో పడలేదనో మొదట్లో సరిపెట్టుకుంటారు.

1891లో జర్మన్ వైద్యుడు హైన్రిష్ ఉన్వెరిష్ట్ దీనికి ఆ పేరు పెట్టాడు. అందులో చర్మం ఉంది, కండరం ఉంది. రక్తనాళం లేదు. నన్నడిగితే ముందు ఉండాల్సింది అదే.

1966లో అమెరికాలో బెట్టీ బ్యాంకర్, మారిస్ విక్టర్ అనే వైద్యులు ఈ జబ్బు చేసిన పిల్లల్లో చర్మం, కండరం, పేగుల దాకా సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, రక్తం గడ్డకట్టి పూడుకుపోవడం చూపించారు. పేగుకు చిల్లు పడడం లాంటి అరుదైన ప్రమాదాలకు కారణం అక్కడ దొరికింది. ఇది ఒళ్ళంతటి రక్తనాళాల జబ్బని తమ వ్యాసం పేరులోనే రాశారు.

మరో ఇరవై ఏళ్ళకు, 1986లో, కిస్సెల్, మెండెల్, రామ్మోహన్ అనే వైద్యులు ఇంకో అడుగు లోపలికి వెళ్ళారు. సూక్ష్మజీవుల గోడలకు చిల్లుపెట్టి చంపే కాంప్లిమెంట్ ప్రొటీన్లు మన రక్తంలో ఉంటాయి. చిల్లుపెట్టే ఆ ప్రొటీన్ల గుంపు ఈ రోగుల కండరాల్లోని కేశనాళికల గోడల మీదే పేరుకుని కనిపించింది. ఒంటిని కాయాల్సిన ఆయుధం ఇంటి గోడకే తగిలిందన్నమాట. కేశనాళికలు ఒక్కొక్కటే రాలిపోతాయి. కండరపు కట్టలో అంచున ఉన్న పోగులు ముందు చిక్కిపోతాయి. కాలవలో నీరు తగ్గితే చివరి ఆయకట్టు ముందు ఎండినట్టు.

ఈ సంగతి కోత లేకుండానే కంటితో చూడొచ్చు. గోరు మొదట్లో చర్మం మీద ఒక చుక్క నూనె వేసి, డాక్టరు భూతద్దంలోంచి చూస్తారు. ఆరోగ్యంగా ఉంటే కేశనాళికలు వరసగా గుచ్చిన హెయిర్‌పిన్నుల్లా ఉంటాయి. ఈ జబ్బులో కొన్ని ఉబ్బి మెలికలు తిరుగుతాయి, కొన్నిచోట్ల అసలు ఏమీ ఉండదు, తెల్లటి ఖాళీ. అరచేతిలో నొప్పి పొక్కులు, వేలి చివర మానని పుండ్లు ఉన్నాయంటే మరీ జాగ్రత్త. ఈ గుర్తులతో, కండరాల్లో బలం తగ్గకపోయినా, ఊపిరితిత్తులు వేగంగా పాడయ్యే రకం ఒకటుంది. దాన్ని పట్టిచ్చే యాంటీబాడీని 2005లో జపాన్‌లో కనిపెట్టారు.

ఇక మందు సంగతి. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1927లో బోస్టన్‌లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి కండరం శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. ఆయన తోడబుట్టినవాళ్ళను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ బాధ ఆయన్ని ఫోలిక్ ఆమ్లం దాకా నడిపించింది. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం దాన్ని తయారుచేసింది, దానికి అడ్డుపడే మందులనూ తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లో, యాభై మూడేళ్ళకే, ఆయన కన్నుమూశాడు. ఆ మందు కండరాల జబ్బుకు పనికొస్తుందని ఆయనకు తెలియదు. 1968లో భారతీయ వైద్యుడు ఏ.ఎన్. మాలవీయ, మరో ఇద్దరితో కలిసి, దాన్ని డెర్మటోమయోసైటిస్ రోగులకిచ్చిన అనుభవాన్ని లాన్సెట్‌లో ప్రచురించాడు. కండరం గుట్టు విప్పిన మనిషి చేయించిన మందు, ఇరవై ఏళ్ళ తర్వాత జబ్బుపడిన కండరాన్ని చేరింది.

దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే షాపులో మందులిచ్చే మనిషి స్ట్రిప్పు మీద పెన్నుతో వారం పేరు రాసి, "ఆదివారం ఒక్కరోజేనమ్మా" అని మళ్ళీ చెప్పి చేతికిస్తాడు.