మూడు డబ్బాల వెనక కథ

కాలిఫోర్నియాలో మన ఇళ్ళ ముందు వారానికోసారి బారులు తీరే చెత్తడబ్బాలకు కూడా ఒక చరిత్ర ఉంది. ఈ వారం ఆ కబుర్లు చెబుతాను.

1987లో న్యూయార్క్ దగ్గర ఐస్లిప్ డంపులో చోటు దొరకని చెత్త, మూడు వేల టన్నులకు పైగా, ఒక బార్జి ఎక్కి బయల్దేరింది. నార్త్ కరోలినా వద్దు పొమ్మంది. బెలీజ్ దాకా వెళ్ళినా ఎవరూ దింపుకోనివ్వలేదు. నెలల తరబడి తిరిగి తిరిగి వెనక్కే వస్తే, చివరికి బ్రూక్లిన్‌లో తగలబెట్టారు. దేశమంతా టీవీల్లో చూసింది. మన ఊరి గుంట నిండితే మన గతేమిటన్న భయం అందరికీ పట్టుకుంది.

రెండేళ్ళకి, 1989లో, కాలిఫోర్నియా శాసనసభ ఏబీ 939 అనే చట్టం చేసింది. ప్రతి నగరమూ, ప్రతి కౌంటీ ఒక ప్రణాళిక రాసుకోవాలి. ముందు చెత్త పుట్టకుండా తగ్గించడం, తర్వాత రీసైక్లింగు, కంపోస్టు. కాల్చడం, పూడ్చడం ఆఖర్న. డంపులకి వెళ్ళేదాన్ని 1995కల్లా 25 శాతం, 2000కల్లా 50 శాతం తప్పించాలి. లేకపోతే రోజుకి 10,000 డాలర్ల దాకా జరిమానా.

అసలు చిక్కు లెక్కలో వచ్చింది. పారెయ్యని చెత్తని ఎవరు తూస్తారు? అందుకని ఎంత పుట్టిందో అంచనా కట్టి, అందులోంచి పూడ్చింది తీసేసేవారు. ఆ అంచనాకి ఆధారం ఏదో ఒక పాత సంవత్సరపు అంకె. జనాభా, ఉద్యోగాలు, అమ్మకాలను బట్టి దాన్ని ఏటా సర్దేవారు. పునాది అంకె తప్పయితే పైనున్నవన్నీ తప్పే. ఈ బాధ నాకు బాగా తెలుసు. ఒక ప్రాజెక్టులో మొదటి నెల అంకె తప్పుగా తీసుకుని, ఆర్నెల్లపాటు లేని అభివృద్ధిని చూపించిన ఘనుణ్ణి నేను! 2008లో ఎస్‌బీ 1016 ఈ పద్ధతి మార్చింది. మనిషికి రోజుకి ఎన్ని పౌన్లు పూడ్చారన్నదే కొలత అయింది.

అయినా నీలం డబ్బాలో వేసిందంతా బాగుపడిందనుకోకండి. అందులో చాలా భాగం ఓడలెక్కి చైనా వెళ్ళేది. 2018లో చైనా ఆ తలుపు మూసేసింది. ఇక వంటింటి చెత్త. డంపులో కుళ్ళి మీథేన్ అవుతుందని 2016లో మరో చట్టం చేసి, 2022 జనవరి నుంచి దాన్ని విడిగా ఎత్తమన్నారు. 2020కి పెట్టుకున్న 50 శాతం తగ్గింపు మాత్రం అందలేదు.

మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు ఆకుపచ్చ డబ్బా చూసి, "ఇది మన పెంటకుప్పే కదరా, దీనికి చట్టమెందుకూ?" అంది. నవ్వేశాను. ఆ తర్వాత ఉగాది భోజనాల దగ్గర వాలంటీరుగా ఉండి, మిగిలిన పులిహోర, ప్లేట్లు, సీసాలు అన్నీ ఒకే నల్లసంచిలో మూటగట్టింది కూడా నేనే. చట్టం 'ముందు తగ్గించు' అని మొదలుపెడితే, నేను పూడ్చడంతో మొదలుపెట్టాను. వచ్చే ఉగాదికి వంటవాళ్ళకి ఆర్డరు ఇచ్చే ముందే తలలు లెక్కపెడదాం. ఉంటాను.